దావా, దలీల్, హుజ్జత్: మాటను తూచే పదాలు

మాట్లాడే శక్తి మానవునికి అల్లాహ్ ప్రసాదించిన మహా వరాలలో ఒకటి. సూరా అర్రహ్మాన్ తొలి నాలుగు ఆయతులలో ఖుర్ఆన్ బోధన, మానవ సృష్టి, ఆ వెంటనే మానవునికి ‘బయాన్’ నేర్పిన సంగతి ప్రస్తావించబడ్డాయి. బయాన్ అంటే మనసులోని భావాన్ని ఎదుటివారికి విశదపరచటం. ఇదే శక్తి గురించి దైవప్రవక్త (స) కొన్ని మాటలలో మంత్రజాలం ఉందని కూడా సెలవిచ్చారు. తూర్పు ప్రాంతం నుండి వచ్చిన ఇద్దరు వ్యక్తులు ప్రసంగించగా జనం అబ్బురపడిన సందర్భంలో ఆయన ఈ మాట అన్నట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). ఇది మెచ్చుకోలా, హెచ్చరికా అన్న విషయంలో హదీసు వ్యాఖ్యాతలు రెండు పక్షాలయ్యారు. మాట సత్యం వైపు నిలబడితే మెప్పు, అసత్యం వైపు నిలబడితే హెచ్చరిక అనుకోవటమే సమంజసమని నా అభిప్రాయం.

మన గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలో మాటకు కొదవ లేదు. షిఫ్టు మారే వేళ బాయి ముందు గేట్ మీటింగు పెట్టి నాయకులు మాట్లాడతారు. డ్యూటీకి దిగబోయేవారూ, డ్యూటీ దిగి వచ్చినవారూ నిలబడి వింటారు. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునే పద్ధతి 1998లో మొదలయ్యింది. ఆనాటి నుండి 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నిక వరకు ప్రతిసారీ కార్మిక కాలనీలు ప్రసంగాలతో హోరెత్తాయి. శుక్రవారం మస్జిదులో బయాన్ వింటాము. టీవీ చర్చలు, ఫోనులో వచ్చే వీడియోలు సరేసరి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో జరిగే వాదన ఒక ఎత్తు. తండ్రి బాయిలో పని చేస్తూ చనిపోతాడు. లేదా మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అవుతాడు. కంపెనీ ఇచ్చే ఉద్యోగం ఒకటే. కొడుకులు ముగ్గురు, కూతుళ్ళు ఇద్దరు. ఎవరి పేరు రాయాలి? తండ్రి పేరున జమ అయిన సొమ్ము ఎవరికి ఎంత? ఆ రోజు ఇంట్లో మాటకారి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. నోరు లేనివారు ఎవరో కూడా తెలిసిపోతుంది.

మన మదర్సాలలో బలాగత్, మంతిఖ్, మునాజరా అనే మూడు శాస్త్రాలు బోధిస్తారు. మొదటిది మాట సొగసుకూ సముచితత్వానికీ, రెండవది తర్కానికీ, మూడవది చర్చా మర్యాదకూ సంబంధించినవి. వాటిలోని కొన్ని పదాలను, పైన చెప్పినటువంటి ఇంట్లో అక్కరకు వచ్చే మేరకు, ఇక్కడ పరిచయం చేస్తున్నాను.

మన నోట నలిగిన పదాలు

ఈ పదాలలో కొన్ని ఇప్పటికే మన నోట ఉన్నాయి. అయితే అర్థాలు అటూ ఇటూ అయ్యాయి. తెలుగులో ‘దావా వేశాడు’ అంటే కోర్టుకెక్కాడని అర్థం. శాస్త్రంలో దావా అంటే ‘ఇది నాది’ అనో ‘ఇది ఇలా ఉంది’ అనో చెప్పుకోవటం మాత్రమే. చెప్పుకున్నవాడు ముద్దయీ. చిత్రమేమిటంటే తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అరబీ, ఉర్దూలలో ముద్దయీ అంటే ఫిర్యాది! కోర్టు కాగితాలలో ఎదురెదురుగా నిలబడవలసిన ఇద్దరికీ మన వాడుకలో దాదాపు ఒకే పేరు వచ్చింది.

తకరారు అంటే మనకు పేచీ, తగాదా. అరబీలో తక్రార్ అంటే ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అనటం. అందుకే మదర్సాలో విద్యార్థులు రాత్రిపూట గుండ్రంగా కూర్చుని ఆనాటి పాఠాన్ని వల్లె వేసుకోవటాన్ని ‘తక్రార్’ అంటారు. అన్నదే అంటూ పోతే అది తగాదా అవుతుందని పెద్దలు గమనించారేమో. ఇక ‘హుజ్జత్ మత్ కరో’ అని మన ఇళ్ళలో పిల్లలను కసురుతాము. అక్కడ హుజ్జత్ అంటే పనికిమాలిన వాదులాట. ఖుర్ఆన్‌లో మాత్రం అది ఎదురు చెప్పటానికి వీలు లేని నిదర్శనం. ప్రజల దగ్గర అల్లాహ్‌కు వ్యతిరేకంగా ఎలాంటి సాకూ మిగలకుండా ఉండటానికే ప్రవక్తలు పంపబడ్డారని సూరా నిసా (4:165) తెలుపుతున్నది. అక్కడ వాడిన పదం హుజ్జతే.

దావాను నిలబెట్టేది దలీల్, అంటే ఆధారం. కళ్ళకు కట్టేటంత స్పష్టంగా ఉన్న ఆధారాన్ని, ముఖ్యంగా సాక్ష్యాన్ని, బయ్యినా అంటారు. చెప్పుకున్నంత మాత్రాన ఇచ్చేస్తూ పోతే జనం ఇతరుల ప్రాణాలనూ ఆస్తులనూ కూడా తమవిగా చెప్పుకుంటారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. సాక్ష్యం తేవలసిన బాధ్యత దావా చేసినవానిది, కాదన్నవానిపై ప్రమాణం. ఇస్లామీ న్యాయవిధానమంతా ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది. గట్టిగా అరవటం దలీల్ కాదు. ముందుగా మాట్లాడటం దలీల్ కాదు. ఇంటికి పెద్దవాడు కావటమూ దలీల్ కాదు.

వినేవాని స్థితి

బలాగత్‌కు పండితులు ఇచ్చిన నిర్వచనం చిన్నదే. స్వచ్ఛమైన మాట సందర్భానికి తగినట్లు ఉండటమే బలాగత్. సందర్భం కోరేదానిని ‘ముఖ్తజాయె హాల్’ అంటారు. ఈ దృష్టితో వినేవారిని మూడు రకాలుగా విభజించారు. విషయం అసలే తెలియనివాడు ఖాలీ జెహ్న్. సందేహంలో ఉన్నవాడు ముతరద్దిద్. కాదని మొండికేసినవాడు మున్కిర్. మొదటివానికి ఉన్నమాట చెబితే చాలు. రెండవవానికి కొంత నొక్కి చెప్పాలి. మూడవవానికి అతని తిరస్కారం ఎంత గట్టిదో అంత గట్టిగా చెప్పాలి.

దీనికి బలాగత్ గ్రంథాలలో తరచూ ఇచ్చే ఉదాహరణ సూరా యాసీన్‌లోని పట్టణవాసుల వృత్తాంతం (36:13-16). అల్లాహ్ పంపిన సందేశహరులు తాము పంపబడినవారమని మొదట చెప్పినప్పుడు నొక్కిచెప్పే పదం ఒక్కటే ఉంది. పట్టణవాసులు మీరు అబద్ధాలాడుతున్నారని తిరస్కరించాక అదే విషయాన్ని తమ ప్రభువు జ్ఞానాన్ని సాక్షిగా పెట్టి, నొక్కిచెప్పే అక్షరం మరొకటి చేర్చి పలికారు. విషయం మారలేదు, వినేవాని స్థితి మారింది.

ఇది మన ఇళ్ళకూ వర్తిస్తుంది. “అమ్మీ, భాయి డబ్బులు పంపాడు” అన్నది ఒక మాట. అమ్మీ సందేహిస్తే “నిజంగానే పంపాడమ్మీ” అనవచ్చు. ఎవరూ అనుమానించకముందే “ఖుదా కసమ్, పంపాడు” అంటే మాత్రం వినేవానికి లేని అనుమానం పుడుతుంది. ప్రమాణాలతో సరుకు అమ్ముడుపోతుందిగానీ అందులోని బర్కత్ తుడిచిపెట్టుకు పోతుందన్న హదీసు (బుఖారీ, ముస్లిం) వ్యాపారులందరికీ తెలిసిందే. అవసరం లేని చోట ఒట్టు పెట్టేవాడు బలాగత్ లెక్కలోనూ తప్పినట్లే.

ఐదు రకాల వాదన

మంతిఖ్ పండితులు వాదనను దాని ఆకారాన్ని బట్టే కాక, అందులో వాడిన ముడిసరుకును బట్టి కూడా విభజించారు. వాదనకు ఆధారంగా పెట్టుకున్న వాక్యాన్ని ‘ముఖద్దిమా’ అంటారు. ముఖద్దిమాలు నిస్సంశయమైనవైతే ఆ వాదన బుర్హాన్. ఎదుటివాడు ఒప్పుకున్నవైతే జదల్. నమ్మకస్తులైన పెద్దల మాటలు, సాధారణంగా నిజమనిపించే విషయాలు అయితే ఖితాబత్. ఊహను కదిలించేవి మాత్రమే అయితే షేర్, అంటే కవిత్వం. దాని సంగతి ఇక్కడ అక్కరలేదు. సత్యంలా కనిపించే అసత్యాలైతే ముగాలతా. ఈ విభజనకు మూలం అరిస్టాటిల్ గ్రంథాలు. ఫారాబీ, ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్ వంటివారు వాటిని అరబీలో విస్తరించారు.

ఇది గ్రీకుల గొడవ, మనకెందుకు అనుకునేవారు సూరా నహల్‌లోని 125వ ఆయతును చూడాలి. దైవమార్గం వైపు పిలవటానికి అక్కడ మూడు పద్ధతులు చెప్పబడ్డాయి: హిక్మత్, చక్కని హితబోధ, ఉత్తమమైన రీతిలో వాదన. ఇమామ్ రాజీ (మరణం 1210) తన తఫ్సీర్‌లో ఈ మూడింటిని బుర్హాన్, ఖితాబత్, జదల్‌లకు అన్వయించారు. నాలుగవదానికి, అంటే ముగాలతాకు, ఆ ఆయతులో చోటు లేదన్నది గమనించండి. ధర్మం కోసమే అయినా మోసపు వాదన చేయటానికి అనుమతి లేదు.

గేట్ మీటింగులో వినేది ఎక్కువగా ఖితాబత్. అందులో తప్పు లేదు. షిఫ్టు మొదలయ్యేలోపు పది నిమిషాలలో బుర్హాన్ ఎవరూ చెప్పలేరు. అయితే వినేవాడు ఒక పని చేయాలి. ఆ పని బాయిలో దిగేవారికి బాగా తెలిసిందే. పైకప్పు కిందికి పోయేముందు మైనింగ్ సర్దార్ కర్రతో తట్టి చూస్తాడు. గట్టి పైకప్పు ఖంగుమంటుంది. లోపల విడిపోయినదైతే డబడబమంటుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, చెవికి తేడా తెలుస్తుంది. ప్రసంగంలోని ముఖద్దిమాను కూడా అలాగే తట్టి చూడాలి. ‘ఇది నిజమని ఎలా తెలుసు? ఎవరు ఒప్పుకున్నారు? ఒప్పుకోకపోతే ఏమవుతుంది?’

ఒక మాట, రెండు అర్థాలు

ముగాలతాలన్నిటిలో ఎక్కువగా మోసగించేది ‘ఇష్తిరాకె లఫ్జీ’. ఒకే పదానికి రెండు అర్థాలుండటం, వాదన మొదట్లో ఒక అర్థం, చివర్లో మరో అర్థం తీసుకోవటం. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన ప్రభువు బ్రతికించేవాడు, చంపేవాడు అని చెప్పినప్పుడు ఆ రాజు నేనూ బ్రతికిస్తాను, చంపుతాను అన్నాడు (2:258). మరణశిక్ష పడిన ఒకరిని వదిలేసి ఇంకొకరిని చంపించి చూపాడని వ్యాఖ్యాతలు రాశారు. ప్రాణం పోయటం వేరు, ప్రాణం తీయకుండా వదలటం వేరు. పదం ఒకటే, అర్థం జారిపోయింది. ఇబ్రాహీమ్ (అలై) ఆ పదం మీద పట్టుబట్టి సాగదీయలేదు. అల్లాహ్ సూర్యుణ్ణి తూర్పున ఉదయింపజేస్తున్నాడు, నీవు పడమట ఉదయింపజేయమన్నారు. ఆ మాటకు రెండో అర్థం లేదు. రాజు నోరు మూతపడింది.

ఇక మన సంగతికి వద్దాం. ‘వారసత్వ ఉద్యోగం’ అన్న మాట బొగ్గు ప్రాంతంలో పుట్టి పెరిగిన ప్రతి బిడ్డా వింటాడు. ఈ మాటలోనే ముగాలతా ఒకటి దాగి ఉంది. ‘ఇది వారసత్వ ఉద్యోగం. వారసత్వం షరీఅత్‌లో ఉన్న హక్కు. అందులో కొడుకుకు ఎక్కువ వంతు. కనుక ఉద్యోగం కొడుకుదే, పెద్ద కొడుకుదే.’ వినటానికి మూడు మెట్లూ సరిగ్గానే ఉన్నాయి. కానీ షరీఅత్‌లో వారసత్వం అంటే తర్కా, అంటే చనిపోయిన వ్యక్తి తన యాజమాన్యంలో ఉంచుకుని విడిచివెళ్ళిన సొత్తు. ఉద్యోగం తండ్రి సొత్తు కాదు. అది కంపెనీ తన నిబంధనల ప్రకారం కుటుంబానికి ఇచ్చే అవకాశం. అందులో కొడుకుకు రెండు వంతులు, కూతురుకు ఒక వంతు అన్న లెక్కే పుట్టదు. పెద్ద కొడుకుకు ప్రత్యేక హక్కు అన్నది అసలు వారసత్వంలోనే లేదు.

చట్టం కూడా వేరే దారిన దాదాపు ఇదే చోటికి వచ్చింది. 2016 చివర్లో సింగరేణి ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగావకాశం అందరికీ సమానంగా ఉండాలన్నది దానికి ఆధారం. అదే సంవత్సరం సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. ఆ తరువాత, అనారోగ్యంతో పని చేయలేని కార్మికుని కుటుంబానికి ఇచ్చే ఉద్యోగాల విషయంలో ‘కారుణ్య నియామకం’ అన్న మాట ముందుకు వచ్చింది. పేరు మారటం చిన్న విషయం కాదు. వారసత్వం అంటే హక్కుగా అడిగేది. కారుణ్యం అంటే సంపాదించే చేయి పడిపోయిన ఇంటికి ఆసరా. ఆసరా ఇంటికి ఇచ్చినప్పుడు, దానిని ఒక్కడు చేతపట్టుకుని మిగతావారిని మరచిపోవటం ఎలాంటిదో ఆలోచించండి. అమ్మీని, పెళ్ళికాని చెల్లెలిని చూసుకుంటానన్న మాట మీద సంతకాలు తీసుకున్నవాడు ఆ మాటకు బద్ధుడు. ఒప్పందాల గురించి తప్పక ప్రశ్నించబడుతుందని సూరా బనీ ఇస్రాయీల్ (17:34) తెలుపుతున్నది.

దీనికి భిన్నంగా, జీతంలో నుండి కోసుకుని జమ చేసిన ప్రావిడెంట్ ఫండ్ తండ్రి కష్టార్జితం. అది తర్కా. నామినీగా ఒకరి పేరు ఉన్నంత మాత్రాన ఆ ఒక్కరి సొంతం కాదు. అప్పులు, వసీయత్ పోగా సూరా నిసా 11, 12 ఆయతుల ప్రకారం తల్లికి, చెల్లెళ్ళకు, అందరికీ వారి వంతు అందాలి. మన ఇళ్ళలో ఈ రెండింటినీ తారుమారు చేస్తున్నారు. వారసత్వం కాని ఉద్యోగాన్ని వారసత్వం అంటున్నారు. నిజంగా వారసత్వమైన సొమ్మును ‘నామినీది’ అంటున్నారు.

ప్రశ్నించే మూడు విధానాలు

ఇద్దరు వ్యక్తులు సత్యాన్ని బయటపెట్టే ఉద్దేశంతో చర్చిస్తే అది మునాజరా. ఎదుటివాని నోరు మూయించే ఉద్దేశంతో చేస్తే ముజాదలా. ఆ రెండూ కాక కేవలం మొండితనంతో చేస్తే ముకాబరా. ‘రషీదియా’ అనే పుస్తకంలో విద్యార్థి మొదట నేర్చుకునే తేడా ఇది. బయటినుండి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా ఉద్దేశంలో ఉంది.

దలీల్ చెప్పినవాడిని ప్రశ్నించటానికి ఆ శాస్త్రం మూడు విధానాలు నేర్పుతుంది. ఫలానా ముఖద్దిమాను నేను ఒప్పుకోను, రుజువు చెయ్యి అనటం ‘మనా’. నీ దలీల్ సరైనదైతే ఫలానా చోట కూడా వర్తించాలి, అక్కడ నీవే ఒప్పుకోవు అని చూపటం ‘నఖ్జ్’. నీ దలీల్‌ను అలా ఉంచి, దానికి వ్యతిరేకమైనదాన్ని నిరూపించే దలీల్ నా దగ్గర ఉందనటం ‘ముఆరజా’.

చెల్లెలు తన వంతు అడిగినప్పుడు అన్నలు చెప్పే మాట మనందరం విన్నదే. “నీ పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా, ఇంకేం వంతు?” మొదట మనా: పెళ్ళి ఖర్చు వారసత్వపు వంతుకు బదులు అవుతుందని ఎవరు చెప్పారు? తండ్రి బ్రతికుండగా ఇచ్చింది కానుక, చనిపోయాక వచ్చేది అల్లాహ్ నిర్ణయించిన వంతు. తరువాత నఖ్జ్: పెళ్ళి ఖర్చుతో వంతు చెల్లిపోతే అన్నల పెళ్ళిళ్ళకు, వలీమాలకు, పాలిటెక్నిక్ ఫీజులకు తండ్రి పెట్టిన ఖర్చుతో వాళ్ళ వంతులు కూడా చెల్లిపోవాలి. ఆ లెక్కకు ఏ అన్నా ఒప్పుకోడు. చివరిగా ముఆరజా: సూరా నిసాలో వంతు పేర్కొనబడిన ఆడబిడ్డకు పెళ్ళయ్యిందా లేదా అన్న షరతే లేదు.

అప్పుడు అన్నలు ఇంకో మాట అంటారు. “ఆమె ఏమీ అనలేదు, ఒప్పుకున్నట్టే.” నోరు విప్పనివారికి మాటను అంటగట్టరాదన్నది ఫిఖ్‌హ్ పండితుల ప్రసిద్ధ సూత్రం. నలుగురు మగవాళ్ళ మధ్య తలవంచుకుని కూర్చున్న చెల్లెలి మౌనం మాఫీ కాదు. తన వంతు ఎంతో తెలిసి, అది తన చేతికి వచ్చి, ఆపైన సంతోషంగా ఇస్తే అప్పుడది ఆమె ఇష్టం.

ఎదుటివారి దలీల్‌ను మనమే చెప్పటం

ఖితాబత్‌కు నాకు తెలిసిన అత్యున్నత ఉదాహరణ హునైన్ యుద్ధం తరువాతిది, హిజ్రీ 8వ సంవత్సరం. యుద్ధప్రాప్తిని దైవప్రవక్త (స) కొత్తగా ఇస్లాం స్వీకరించిన ఖురైష్ నాయకులకూ ఇతర తెగల వారికీ ఎక్కువగా పంచారు. అన్సార్ల మనసు నొచ్చుకుంది. గుసగుసలు బయలుదేరాయి. ఆయన వారిని ఒకచోట సమావేశపరిచారు. తన వల్ల వారికి కలిగిన మేలును మొదట గుర్తు చేశారు. అన్సార్లు ఎదురు వాదించలేదు. అప్పుడు వారి తరఫున వాదనను ఆయనే వినిపించారు. తనను సొంతవారు కాదన్నప్పుడు మీరు నమ్మారని, వెళ్ళగొట్టినప్పుడు ఆశ్రయమిచ్చారని మీరు అనవచ్చు, అంటే అది నిజమే అవుతుంది అన్నారు. ఆ తరువాతే, జనం గొర్రెలనూ ఒంటెలనూ తోలుకుని పోతుంటే మీరు దైవప్రవక్తను మీ ఇళ్ళకు తీసుకుని వెళ్ళటం మీకు ఇష్టం కాదా అని అడిగారు. గడ్డాలు తడిసేలా అన్సార్లు ఏడ్చారని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించారు (ముస్నద్ అహ్మద్).

కన్నీరు తెప్పించే ప్రసంగాలు చాలా ఉంటాయి. ఇక్కడి ప్రత్యేకత వేరు. ఎదుటివారి దలీల్‌ను తగ్గించకుండా, వంకర తిప్పకుండా వారి ముందే పలకటం. ఇంట్లో పంపకాలకు కూర్చునేటప్పుడు పెద్దలు ఈ పద్ధతిని పాటించవచ్చు. పెద్దవాణ్ణి ముందు తమ్ముని మాట చెప్పమనాలి. ‘అవును, నేను అనేది అదే’ అని తమ్ముడు ఒప్పుకున్నాకే పెద్దవాడు తన మాట మొదలుపెట్టాలి. సగం తగాదాలు అక్కడే చల్లబడటం చూశాను.

మాటకారికి దక్కే నిప్పుముక్క

ఇంతకూ, బాగా వాదించినవాడు పెద్దల తీర్పును తనవైపు తిప్పుకున్నాడనుకోండి. తీర్పు వచ్చింది కనుక ఆ సొమ్ము అతనికి హలాల్ అవుతుందా?

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. తానూ మానవుణ్ణేనని, తగాదాలు తన దగ్గరకు వస్తాయని, ఒకరు మరొకరికంటే తన హుజ్జత్‌ను నేర్పుగా వినిపించవచ్చని, విన్నదాన్ని బట్టి తాను తీర్పు ఇస్తానని, అలా తన సోదరుని హక్కు ఎవరికైనా ఇచ్చి ఉంటే అతను తీసుకోరాదని, అది నిప్పుముక్క అని దైవప్రవక్త (స) అన్నారు. ఆయన తీర్పే సొమ్మును హలాల్ చేయనప్పుడు మస్జిదు కమిటీ తీర్పు, కులపెద్దల తీర్పు, కోర్టు తీర్పు చేస్తాయా? కొన్ని రకాల ఒప్పందాల విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం వేరుగా ఉన్నా, ఇలాంటి ధన సంబంధమైన దావాలలో ఇమాములందరిదీ ఒకే మాట.

అబూ దావూద్‌లో ఈ ఉల్లేఖనం మరికొంత వివరంగా ఉంది. ఆ రోజు వచ్చిన ఇద్దరూ పాత వారసత్వాల గురించే తగాదా పడుతున్నారు. ఇద్దరి దగ్గరా దావా తప్ప బయ్యినా లేదు. నిప్పుముక్క మాట వినగానే ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నా సోదరునికే అని ఎవరికి వారు అన్నారు. అంతకుముందు క్షణం వరకు ఇద్దరూ ముద్దయీలే. దైవప్రవక్త (స) ఆ త్యాగాన్ని అలాగే వదిలేయలేదు. పంచుకోండి, న్యాయం ఏదో వెతకండి, ఆపైన చీటీలు వేసుకోండి, ఒకరినొకరు మాఫీ చేసుకోండి అని ఉపదేశించారు.

చీటీలు వేసుకోవటం జూదం కదా అని కొందరు అడుగుతారు. హక్కులు సమానంగా ఉన్నప్పుడు, ఎవరికి ఏ భాగం అన్నది తేల్చుకోవటానికి వేసే చీటీ జూదం కాదు. అందులో ఎవరి హక్కూ పోదు. దైవప్రవక్త (స) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తన సతీమణులలో ఎవరు తోడు రావాలో చీటీ వేసే నిర్ణయించేవారు (బుఖారీ). ఒక ఉద్యోగానికి ఇద్దరు కొడుకులూ అర్హులై, ఇద్దరి అవసరమూ ఒకటే అయి, అమ్మీ ఎవరి పేరూ చెప్పలేక కూర్చున్న ఇంట్లో, మిగతావారి పోషణ షరతు కాగితం మీద రాసుకుని ఈ పద్ధతిని ఆశ్రయించవచ్చు.